చిన్న ఫ్లయింగ్ క్లబ్‌లో విమానం నడపడం ఎలా నేర్పుతారు? చంద్రగిరి అమ్మాయికి నా సమాధానం

ప్రశ్న: మాది చంద్రగిరి. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. పైలట్ కావాలని ఉంది. పెద్ద అకాడమీకి పంపే స్థోమత లేదు కాబట్టి బెంగళూరు వైపు ఉన్న ఒక చిన్న ఫ్లయింగ్ క్లబ్ చూస్తున్నాం. రెండు సీట్ల విమానం అంటేనే నాన్నకు టెన్షన్. అలాంటి చోట అసలు ఎలా నేర్పిస్తారు? ఒంటరిగా ఎప్పుడు పంపిస్తారు? చిన్న క్లబ్‌లో చేరితే కాలం వృథా అవుతుందా?

అమ్మా, ముందు నా సంగతి చెప్తాను. నాది చిత్తూరు టౌను. 1990ల మొదట్లో బెంగళూరు శివార్లలో ఒక చిన్న క్లబ్‌లోనే నేర్చుకున్నాను. ఆ తర్వాత ఎక్కువ కాలం అలాంటి క్లబ్బుల్లోనే ఇన్‌స్ట్రక్టర్‌గా చేశాను. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. చిన్న క్లబ్బుల గురించి బయట వినపడేవన్నీ ఫీజుల లెక్కలే, లోపల చదువు ఎలా సాగుతుందో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

చిన్న క్లబ్‌లో ఎదురుచూపులు తప్పవు. వాతావరణం బాగున్న రోజు విమానం ఇన్‌స్పెక్షన్‌లో ఉంటుంది. రెండూ కుదిరిన రోజు నీ ముందు ఇద్దరు క్యూలో ఉంటారు. అయితే ఎగరడం నేర్చుకోవడంలో సగం పని నేల మీదే జరుగుతుంది. చిన్న క్లబ్‌లో ఆ సగం నీ చేతికి అందేంత దగ్గరలో ఉంటుంది. ఆ ఖాళీ గంటలను చదువుగా మార్చుకునే ఓపిక నీకుంటే కాలం వృథా కాదు. లేదంటే మాత్రం చాలా వృథా అవుతుంది, ఆ మాట కూడా ఇప్పుడే చెప్తున్నాను.

నేను చేరిన కొత్తలో నాకు అప్పజెప్పిన పని హ్యాంగర్ (విమానాల షెడ్డు) తలుపులు తియ్యడం, విమానాన్ని బయటికి తొయ్యడం. మాది సెస్నా 152. మనుషులతో, పెట్రోలుతో కలిపి 757 కిలోలు దాటకూడని చిన్న విమానం, ఇద్దరు మనుషులు సులువుగా తోసేస్తారు. కానీ ఎక్కడ పట్టుకోవాలో తెలియాలి. రెక్క కింద ఆనుగా ఉండే కడ్డీ, అంటే స్ట్రట్, పట్టుకోవచ్చు. తోక మీద కదిలే పలక (ఎలివేటర్) మీద, రెక్కల వెనక అంచున కదిలే పలకల (ఫ్లాపుల) మీద చెయ్యి ఆనించకూడదు. ప్రొపెల్లర్‌ను అసలే తాకకూడదు. తాళం చెవి జేబులో ఉన్నా, స్విచ్ ఆఫ్‌లో ఉన్నా సరే. ఎందుకంటే ఈ ఇంజిన్లలో స్పార్క్‌కి బ్యాటరీతో పని లేదు, మాగ్నెటో అనే చిన్న జనరేటరు తిరిగితే చాలు, అదే పుట్టిస్తుంది. స్విచ్ నుంచి మాగ్నెటోకి వెళ్లి దాన్ని ఆపి ఉంచే చిన్న వైరు తెగి ఉంటే, చేత్తో కొంచెం తిప్పినా ఇంజిన్ ఒక్కసారి స్టార్టయి ప్రొపెల్లర్ విసురుగా తిరగవచ్చు. ఇది నాకు మా క్లబ్ ఇంజనీరు గారు చెప్పారు, ఆ వైరు ఎక్కడుంటుందో ఇంజిన్ మీది రేకు మూత (కౌలింగ్) విప్పి చూపించి మరీ చెప్పారు. పుస్తకంలో అది ఒక వాక్యం. వైరును చూసినవాడు జీవితాంతం ప్రొపెల్లర్‌కి దూరంగా నడుస్తాడు.

హ్యాంగర్ మూలన ఒక పాత పుష్పక్ ఉండేది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాళ్లు బెంగళూరులోనే తయారుచేసిన రెండు సీట్ల విమానం, 1958లో మొదటిసారి ఎగిరింది. మన దేశంలో ఎన్నో ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఒక తరం మొత్తం దాని మీదే నేర్చుకుంది. దాని రెక్కలకు రేకు కాదు, గుడ్డ. బిగించి రంగు పూసిన ఆ గుడ్డను వేలితో తడితే టక్‌మని మోగేది. నేను దాన్ని నడపలేదు, కానీ దాని పక్కన కూర్చుని థియరీ చదువుకోవడం నాకు చాలా ఇష్టంగా ఉండేది.

ఇక ప్రతి ఫ్లయిట్‌కి ముందూ విమానం చుట్టూ ఒక తనిఖీ ఉంటుంది. మీ నాన్నగారికి ఉన్న భయంలో సగానికి సమాధానం ఇక్కడే ఉంది కాబట్టి ఒక్క ముక్క వివరంగా చెప్తాను. రెక్క అడుగున ఒక చిన్న వాల్వ్ ఉంటుంది. గాజులాంటి చిన్న కప్పుతో దాన్ని పైకి నొక్కితే కొంచెం పెట్రోలు కప్పులోకి దిగుతుంది. చిన్న విమానాల పెట్రోలుకి, అంటే 100 ఎల్ఎల్‌కి, కావాలనే నీలం రంగు కలుపుతారు. మరో రకం ఇంధనం పొరపాటున పోస్తే రంగులోనే తెలిసిపోవాలని. రాత్రి మంచుకు ట్యాంకులో తేమ చేరితే ఆ నీళ్లు బరువు కాబట్టి అడుక్కి దిగి, కప్పు అడుగున రంగులేని బుడగలా నిలబడతాయి. మా ఇన్‌స్ట్రక్టర్ గారు ఆ కప్పును తెల్లటి రెక్కకు ఆనించి పట్టుకోమనేవారు. ఆకాశం వైపు పట్టుకుంటే అంతా నీలంగానే కనపడుతుంది, నీళ్లు కూడా పెట్రోలులాగే అనిపిస్తాయి. నీళ్లు కనపడితే పారబోసి మళ్లీ తీయాలి, మళ్లీ చూడాలి, శుభ్రంగా వచ్చేదాకా. ఆయన ఏనాడూ తొందరపెట్టలేదు. వెనక నలుగురు వేచి ఉన్నా సరే.

ఎడమ రెక్క అంచున చిన్న రంధ్రం ఉంటుంది, అది స్టాల్ హెచ్చరిక బూరకి దారి. కరెంటు ఏమీ లేదు, గాలి పీల్పుతోనే మోగుతుంది. దాని మీద శుభ్రమైన చేతిరుమాలు పెట్టి నోటితో గాలి లాగితే కాక్‌పిట్‌లో కూత వినపడుతుంది. ఆ కూత వినపడితే అది పనిచేస్తున్నట్టే.

స్టాల్ అన్నాను కదా, ఆ మాట దగ్గరే ఇళ్లలో పెద్దవాళ్లు భయపడతారు. ఇంజిన్ ఆగడం అనుకుంటారు. ఇంజిన్‌కీ దీనికీ సంబంధం లేదు. రెక్క గాలిని ఢీకొట్టే కోణం సుమారు 15, 16 డిగ్రీలు దాటితే రెక్క పైన గాలి చెదిరిపోయి లేపే శక్తి పడిపోతుంది. ముక్కు మరీ పైకి లాగి వేగం పోగొట్టుకుంటే జరిగేది అదే. మందు కూడా సులువే, యోక్, అంటే విమానం స్టీరింగ్, ముందుకు వదిలితే కోణం తగ్గుతుంది, రెక్క మళ్లీ పట్టుకుంటుంది. ఇన్‌స్ట్రక్టర్ నిన్ను తగినంత ఎత్తుకు తీసుకెళ్లి కావాలనే స్టాల్ చేయిస్తారు. బూర కూస్తుంది, విమానం వణుకుతుంది, ముక్కు వాలుతుంది, నువ్వు సరిచేస్తావు. ఒంటరిగా పంపేముందు ఇది నీ చేతికి అలవాటైపోయేదాకా వదలరు.

మరి నిజంగానే ఇంజిన్ ఆగితే? సెస్నా 152 గ్లైడర్‌లా దిగుతుంది. 60 నాట్ల (గంటకు సుమారు 110 కిలోమీటర్ల) వేగం పట్టుకుంటే, గాలి లేని రోజున ప్రతి 1000 అడుగుల ఎత్తుకీ ఒకటిన్నర నాటికల్ మైలు, అంటే రెండున్నర కిలోమీటర్లకు పైనే ముందుకు పోతుంది. ఎకరాల కొద్దీ పొలాలున్న చోట 3000 అడుగుల ఎత్తులో ఉంటే ఆలోచించడానికీ చోటు ఎంచుకోవడానికీ సమయం ఉంటుంది. అందుకే ఇన్‌స్ట్రక్టర్లు ఉన్నట్టుండి థ్రాటిల్ వెనక్కి లాగి, ఇంజిన్ శక్తి తగ్గించేసి ‘ఇప్పుడెక్కడ దిగుతావు?’ అని అడుగుతూనే ఉంటారు. మా ఇన్‌స్ట్రక్టర్ గారిది గుడియాత్తం వైపు, తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడేవారు. ఆయన ప్రశ్న వల్లే నేను ఇప్పటికీ బస్సులో పోతున్నా, ఏ పొలం సమంగా ఉంది, కరెంటు తీగలు ఎటున్నాయి అని చూస్తాను. మీ నాన్నగారికి చెప్పు, ప్రమాదం ఉండదని ఎవరూ అనరు, కానీ దానికి సిద్ధం చేయడమే ఆ చదువులో ప్రధాన భాగం.

నేర్పే వరుస ఎక్కడైనా దాదాపు ఒకటే. కంట్రోల్స్ ఏం చేస్తాయో చూపిస్తారు, సమంగా ఎగరడం, ఎక్కడం, దిగడం, మలుపులు, స్టాల్స్. తర్వాత సర్క్యూట్లు, అంటే లేచి ఒక చుట్టు తిరిగి మళ్లీ అక్కడే దిగడం. నీ గంటల్లో ఎక్కువ భాగం పోయేది సర్క్యూట్లలోనే. టేకాఫ్, 1000 అడుగుల ఎత్తు, రన్‌వేకి సమాంతరంగా వెనక్కి వచ్చే డౌన్‌విండ్, అడ్డంగా మలుపు తిరిగే బేస్, నేరుగా రన్‌వే వైపు దిగే ఫైనల్, ల్యాండింగ్, మళ్లీ అదే. బయటివాళ్లకి విసుగు పుట్టించే పని, నేర్చుకునేవాడికి మాత్రం ప్రతి చుట్టూ కొత్తదే. ల్యాండింగ్‌లో కుదరనిది ఎక్కువమందికి ఒకటే, చూపు. నేల దగ్గర పడేకొద్దీ కళ్లు ముక్కు ముందున్న నేల మీదికి లాక్కుపోతాయి. అలా చూస్తే ఎత్తు అంచనా అందదు. ఫ్లేర్, అంటే నేలను తాకే ముందు ముక్కు మెల్లగా ఎత్తడం, మొదలుపెట్టగానే చూపు రన్‌వే చివరికి పోవాలి. అప్పుడు నేల రెండు పక్కలా పైకి లేస్తున్నట్టు కంటి అంచుల్లో తెలుస్తుంది. ఆ లేచే వేగాన్ని బట్టి యోక్‌ని మెల్లగా వెనక్కి లాగుతూ, విమానాన్ని నేల మీద పడనివ్వకుండా ఆపుతూ ఉంటే, వేగం చచ్చి బూర సన్నగా కూసే సమయానికి వెనక చక్రాలు రెండూ ఆనుతాయి. ‘రెండు వేళ్లు చాలు, పిడికిలి ఎందుకు?’ అనేవారు మా గురువు గారు. పిడికిలి బిగిస్తే విమానం చెప్పేది చేతికి వినపడదు.

సోలో గురించి అడిగావు. గంటల లెక్క పెట్టుకోవద్దు. కొందరిని 12, 15 గంటలకే పంపుతారు, కొందరికి 25 దాటుతుంది. తర్వాత వాళ్లిద్దరిలో ఎవరు మంచి పైలట్ అవుతారో ఆ అంకె చెప్పదు. స్టూడెంట్ పైలట్ లైసెన్స్‌కి 16 ఏళ్లు నిండి, పదో తరగతి పాసై ఉండాలి, మెడికల్ ఉండాలి. అవన్నీ ఉన్నాక మిగిలింది ఇన్‌స్ట్రక్టర్ నిర్ణయమే. ముందే చెప్పరు. నా విషయంలో మా గురువు గారు మాటలు తగ్గిస్తూ వచ్చారు. ఒకరోజు పొద్దున మూడు చుట్లూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. తర్వాత రన్‌వే పక్కన ఆపమని, తలుపు తీసి దిగారు. దిగాక తన సీటు బెల్టును గట్టిగా బిగించి, కొసలు లోపలికి దోపారు, ఖాళీ సీటు మీద వదులుగా ఉంటే కంట్రోల్స్‌కి చుట్టుకుంటుందని. ‘నువ్వు రోజూ చేసేదే చెయ్యి’ అన్నారు, తలుపు వేసి వెనక్కి నడిచారు.

ఒక మనిషి దిగితే ఆ చిన్న విమానంలో పదో వంతు బరువు తగ్గినట్టు. తొందరగా లేస్తుంది, అలవాటైన చోటికి రాకముందే 1000 అడుగులు వచ్చేస్తుంది, దిగేటప్పుడు రన్‌వే మీద కొంచెం ఎక్కువ దూరం తేలుతుంది. ఈ మూడూ ముందే తెలిసి ఉంటే కంగారు ఉండదు, అందుకే చెప్తున్నాను. నాకు బాగా గుర్తున్నది డౌన్‌విండ్‌లో చెక్స్ పైకి చదివిన నా గొంతు. బదులు చెప్పేవాళ్లు లేరు. ఆ క్షణం నాకు భయం కాదు, గొప్ప సంతోషం కలిగింది, దాన్ని మించిన సంతోషం ఈ వృత్తిలో మళ్లీ నాకు దొరకలేదు. దిగాక బకెట్లతో నీళ్లు కుమ్మరించారు. ఇంటికి ఫోన్ చేద్దామని తడి బట్టలతోనే ఎస్టీడీ బూత్‌కి పోయాను.

ఆడపిల్లవని ఎవరైనా వెనక్కి లాగితే వాళ్లకు సరళా తుక్రాల్ గారి పేరు చెప్పు. 1936లో, 21 ఏళ్లకే, నాలుగేళ్ల పాప తల్లిగా, చీర కట్టుకుని జిప్సీ మాత్ విమానాన్ని ఒంటరిగా నడిపిన ఆవిడ. నేర్చుకున్నది కూడా లాహోర్‌లోని ఒక ఫ్లయింగ్ క్లబ్‌లోనే. మన దేశంలో విమానయానం మొలకెత్తింది క్లబ్బుల్లోనే.

ఎదురుచూపుల మాటకి మళ్లీ వస్తాను, ఎందుకంటే నా దృష్టిలో అసలు విషయం అదే. మా క్లబ్ ముందు ఒక పొడుగు బెంచీ ఉండేది. అక్కడ కూర్చుంటే గాలి దిక్కు చూపే గుడ్డ సంచి (విండ్ సాక్), రన్‌వే మొదలు, రేడియో స్పీకరు మూడూ అందేవి. విండ్ సాక్ ఎటు తిరిగింది, ఎంత బిగిసింది చూసి, ఇప్పుడు దిగేవాడికి గాలి ఏ పక్కనుంచి వస్తుంది, ముక్కు ఎటు పెట్టాలి అని ముందే అనుకుని, తర్వాత అతను ఏం చేశాడో చూసేవాళ్లం. పొద్దున ఎనిమిదింటికి నున్నగా దిగిన విమానమే పదకొండింటికి వేడి గాలికి ఎగిరెగిరి పడేది. రేడియోలో ఎవరు ఎక్కడున్నారో విని తలలో బొమ్మ గీసుకునేవాళ్లం. ఇది సిమ్యులేటర్ కన్నా ఎక్కువ నేర్పుతుందని నా నమ్మకం. ఫోన్ చూస్తూ కూర్చునే వాళ్లకి మాత్రం అది ఉత్త బెంచీ.

నీది చంద్రగిరి కాబట్టి ఒక్క క్రాస్ కంట్రీ (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎగిరే ప్రయాణం) గురించి తప్పకుండా చెప్పాలి. బెంగళూరు ఉత్తరం నుంచి రేణిగుంటకి చార్ట్ మీద సరళరేఖ గీస్తే సుమారు 118 నాటికల్ మైళ్లు. మా రోజుల్లో జీపీఎస్ లేదు, చార్టూ కంపాసూ చేతి గడియారమే. ఆ గీత దాదాపు పుంగనూరు మీదుగా పోతుంది, తర్వాత పాకాలకి కొంచెం ఉత్తరంగా, ఆపైన సరిగ్గా మీ చంద్రగిరి మీదుగా. పాకాల మాకు బంగారంలాంటి గుర్తు. కాట్పాడి వైపు, ధర్మవరం వైపు, తిరుపతి వైపు మూడు రైలు పట్టాలు కలిసే ఊరు అది, పైనుంచి చూస్తే పొరబడడానికి వీల్లేదు. పుంగనూరు దాటాక పీఠభూమి అయిపోయి నేల ఒక్కసారిగా కిందికి జారుతుంది. విమానం ఉన్న ఎత్తులోనే ఉంటుంది, కింద ఊళ్లు చిన్నవైపోతాయి. ఆ అంచు దగ్గర మధ్యాహ్నాలు కుదుపులు బాగా ఉంటాయి. పాకాల పక్కన గాదంకిలో నేషనల్ అట్మాస్ఫెరిక్ రీసెర్చ్ ల్యాబొరేటరీ వాళ్ల 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఉంది కదా, గాలి అడ్డంగానే కాదు, నిలువుగా ఎంత వేగంతో కదులుతోందో కూడా అది కొలుస్తుంది. మన జిల్లా పిల్లలు వాతావరణ శాస్త్రం పేపరు చదివేముందు అలాంటి చోటు ఒకటి మన పక్కనే ఉందని తెలుసుకోవాలి.

చంద్రగిరి కోట, పక్కన స్వర్ణముఖి ఇసుక కనపడగానే దిగడానికి సిద్ధపడేవాళ్లం. అక్కడే పీఠభూమి పిల్లలకి ఒక పెద్ద పాఠం. బెంగళూరు వైపు నేల సముద్రమట్టానికి 3000 అడుగుల ఎత్తులో ఉంటుంది, అక్కడ సర్క్యూట్‌లో సముద్రమట్టం నుంచి ఎత్తు చెప్పే ఆల్టిమీటర్ 4000 చూపిస్తుంది. రేణిగుంట రన్‌వే సుమారు 350 అడుగుల ఎత్తులోనే ఉంది. అంటే సర్క్యూట్‌లో ముల్లు 1350 దగ్గర ఉండాలి. అంతసేపూ కొండల్ని కింద చూశాం, ఇప్పుడు ఉత్తరాన తిరుమల కొండలు 2800 అడుగులకు పైనే, మనకంటే ఎత్తుగా నిలబడి ఉంటాయి. గాలి ఉత్తరం నుంచి కొండ మీదుగా వస్తే ఇవతలి పక్క అది కిందికి దిగుతుంది, కాబట్టి కొండకి ఎడంగా ఉండమని గట్టిగా చెప్పేవారు. ఇంకోటి, కింద గాలి చిక్కన. బెంగళూరులో మందకొడిగా లేచే విమానమే ఇక్కడ చురుగ్గా లేస్తుంది. సముద్రమట్టం దగ్గర సెస్నా 152 సుమారు 220 మీటర్లు పరుగెత్తి లేస్తుంది. జెట్ విమానాల కోసం వేసిన రేణిగుంట రన్‌వే మీద దిగితే ట్యాక్సీ చేసిన దూరమే ఎక్కువ అనిపించేది.

ఇప్పుడు నువ్వు చేయవలసినవి. ఒక్క రూపాయి ఫీజు కట్టకముందే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తింపున్న డాక్టరు దగ్గర క్లాస్ 2 మెడికల్ చేయించు, తర్వాత క్లాస్ 1. కళ్లజోడు ఉంటే ఇబ్బంది లేదు, అద్దాలతో చూపు సరిపోతే చాలు. రంగుల గుర్తింపు మాత్రం ముఖ్యం. డబ్బంతా కట్టాక అందులో తేడా ఉందని తెలిసి ఏడ్చిన కుటుంబాలను చూశాను. కమర్షియల్ లైసెన్స్‌కి 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత నీదే అయి. నావిగేషన్, వాతావరణం, రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లలో 70 శాతం రావాలి. క్లబ్‌లో విమానం కోసం ఎదురుచూసే కాలంలోనే ఈ పేపర్లు పూర్తిచేసుకో.

క్లబ్ ఎంచుకునేటప్పుడు ఆఫీసులో అడిగితే బ్రోషరు ఇస్తారు. బెంచీ మీద కూర్చున్న పిల్లల్ని అడుగు. పోయిన నెల ఎన్ని విమానాలు నిజంగా ఎగిరాయి, ఇన్‌స్ట్రక్టర్ రోజూ ఉంటారా వచ్చిపోతుంటారా, ఇంజనీరు అక్కడే ఉంటారా, పెట్రోలు అయిపోయి ఎన్నాళ్లు ఆగారు, ఒక్కొక్కరికి నెలకి ఎన్ని గంటలు దక్కుతున్నాయి. జవాబులు నచ్చితేనే చేరు, డబ్బు మాత్రం విడతలుగానే కట్టు. మొత్తం ఒకేసారి కట్టమని పట్టుబట్టే చోటు ఎంత పేరున్నదైనా నేను వద్దంటాను.

ఈలోపు ఇంట్లోనే మొదలుపెట్టగలిగింది ఒకటుంది. రేడియో భాష. ఆల్ఫా, బ్రావో, చార్లీ నుంచి జూలూ దాకా కంఠతా పట్టు. అంకెల్లో త్రీని ట్రీ అనాలి, నైన్‌ని నైనర్ అనాలి, గరగరలో కూడా తేడా తెలియడానికి. రోడ్డు మీద కనపడే ప్రతి బండి నంబరూ పైకి చదువు. మన పాత చిత్తూరు బండి అయితే ఆల్ఫా పాపా జీరో ట్రీ. నెల రోజులు అలా చదివితే రేడియో లైసెన్స్ కోసం పెట్టే ఆర్టీఆర్ పరీక్ష గదిలో నాలుక తడబడదు.